గుల్లనీళ్ళు

నర్సీపట్నం చేపల మార్కెట్టులో వెంకటదుర్గని అందరూ ‘మిషనమ్మ’ అనేవారు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, రెండేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చుని, చివరికి సముద్రపు సరుకుల మీద పరిశోధన చేసే ఒక ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం దొరకబుచ్చుకున్న పిల్లకి ఆ పేరు మొదట్లో చిన్నతనంగా ఉండేది. తరవాత అలవాటైపోయింది. అలవాటు కావడమేమిటి, లోలోపల ఇష్టం కూడా అయింది. బజార్లో నలుగురూ గుర్తుపట్టి పలకరిస్తే ఎవరికి మాత్రం చేదు?

సముద్రం లేని ఊళ్ళో సముద్రానికి పరీక్షలేమిటని మీకు అనుమానం రావచ్చు. ఊరికి సముద్రం లేదు గాని సముద్రాన్ని తినే నోళ్ళకు కొదవ లేదు. ఆదివారం తెల్లారేసరికి ఒడ్డు ఊళ్ళనుంచి చేపలూ రొయ్యలూ గుల్లల మాంసమూ బుట్టల్లో వచ్చి వాలతాయి. రోలుగుంట నుంచీ నాతవరం నుంచీ షేరాటోల్లో జనం దిగుతారు. పై ఊళ్ళ కొండవాళ్ళూ అడ్డతీగతో అల్లిన బుట్టలతో దిగి, తెచ్చినవి అమ్ముకుని, పోతూపోతూ దోసెడు గుల్లలు కట్టించుకుపోతారు. గుల్లలంటే చెరువు గట్టున దొరికేవి కావు, ఇసుకలో కూరుకుని సముద్రపు నీళ్ళు వడగట్టుకుంటూ బతికేవి. చిక్కంతా ఆ వడగట్టుకోవడంలోనే ఉంది. సముద్రంలో ఒక్కోసారి కంటికి కనపడని నాచు విరగబడుతుంది. అందులో కొన్ని రకాలకు విషం ఉంటుంది. ఆ నాచు తిన్న గుల్లకి ఏమీ కాదు, విషాన్ని ఒంట్లో దాచుకుని హాయిగానే ఉంటుంది. గుల్లని తిన్న మనిషికే పెదాలు తిమ్మిరెక్కి, కాళ్ళూ చేతులూ పడిపోయి, ఊపిరి ఆగుతుంది. ఉడకబెట్టినా వేయించినా ఆ విషం చావదు. దానికి విరుగుడు మందు కూడా లేదు.

దాన్ని పట్టుకోవడానికే దుర్గ చేతిలో మిషను. అసలు పేరు బయోసెన్సరు. సెల్‌ఫోనంత ఉంటుంది. చిటికెడు మాంసం నూరి, మందు కలిపి, వడగట్టి, ఒక్క చుక్క కాగితప్పట్టీ మీద వేసి లోపలికి తోస్తే, పట్టీకి పూసిన పదార్థం విషాన్ని వెతికి పట్టుకుంటుంది. పావుగంటలో అంకె చూపిస్తుంది. అంకె ఎనిమిది వందలు దాటితే ఎర్రచీటీ, సరుకు పారబోయాలి. లోపుంటే పచ్చచీటీ. ఏడాదిన్నరగా దుర్గ అంటించినవన్నీ పచ్చచీటీలే.

మార్కెట్టులో గుల్లల మాంసం అమ్మేది అప్పలకొండమ్మ ఒక్కతే. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. తనే గుల్లలు ఏరి, మంచినీళ్ళలో నానబెట్టి ఇసుక కక్కించి, ఉడకబెట్టి, మాంసం ఒలిచి ఆకుల్లో సర్దుకుని వచ్చేది. దుర్గ నూరుతుంటే పక్కన గొంతుక్కూర్చుని వేళాకోళం చేసేది.

“ఏటమ్మా, పెళ్ళికూతుర్ని సూసినట్టు అంతసేపు సూస్తాది నీ మిషను? నచ్చిందో లేదో బేగి సెప్పమను.”

“నచ్చింది పిన్నీ. కట్నం కూడా వద్దంది,” అనేది దుర్గ, పచ్చచీటీ అంటిస్తూ.

చీటీ వచ్చాక అప్పలకొండమ్మ బేరం పెరిగింది. పెరిగినందుకు ఆవిడకి దుర్గ అంటే ఎంత ప్రేమో చెప్పలేం. దుర్గ వదిన చిట్టితల్లి కాన్పయి ఆడపిల్లని కన్నదని తెలిసినప్పుడు, తన సొంత కోడలే కన్నంత సంబరపడింది. పాలు సరిగ్గా పడలేదని దుర్గ తల్లి సింహాద్రమ్మ కబురు చేస్తే, ఆ వారం నుంచే గుల్లనీళ్ళు తేవడం మొదలుపెట్టింది.

గుల్లలు ఉడికించిన మొదటి నీళ్ళనే గుల్లనీళ్ళంటారు. మామూలుగా ఒడ్డున పారబోసేస్తారు. ఇంట్లో బాలింత ఉంటే మాత్రం వాటిని వంచి, మరిగించి, మిరియాలూ ఉప్పూ వేసి తాగిస్తారు, పాలు బాగా పడతాయని. ఇంకెవరూ తాగరు. అది తిండి కాదు వాళ్ళకి, మందు. అప్పలకొండమ్మ రెండు ఆదివారాలు తెల్ల ప్లాస్టిక్ కేనుతో తెచ్చి ఇచ్చింది, చిట్టితల్లి తాగింది, పాలు కూడా పడ్డాయి. గుల్లనీళ్ళవల్ల పడ్డాయో, పడే రోజొచ్చి పడ్డాయో ఎవరు చెప్పగలరు?

మూడో ఆదివారం అప్పలకొండమ్మ బుట్ట దించుతూనే అంది:

“సముద్రం ఎర్రగా తిరిగిందమ్మా. నాలుగు రోజులై సూస్తన్నాను. ఇటికబట్టీ కాడ నీళ్ళలాగున్నాది.”

దుర్గ చెవులు రిక్కించింది. ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఏ పూట, అని అడిగి ఫోనులో రాసుకుంది. ఒడ్డునుంచి సీసాల్లో పట్టిన సముద్రపు నీళ్ళు విశాఖ వెళ్తాయి, అక్కడ సూక్ష్మదర్శిని కింద పెట్టి నాచు లెక్కిస్తారు, ఆ కబురు గురువారానికి గాని రాదు. అందుకని ఆ పూట మామూలుకంటే జాగ్రత్తగా మాంసం నూరింది. పావుగంటయ్యాక అంకె చూసి చెయ్యి ఆగింది. ఆరువందల పది. ఇన్నాళ్ళూ తొంభై దాటి చూడలేదు.

మేడమ్‌కి ఫోన్ చేద్దామా అనుకుంది. మేడమంటే ప్రాజెక్టు పెద్ద, కళావతి గారు. ఆదివారం పూట ఫోన్ చేసి ఏమని చెప్పాలి, లోపే ఉందని చెప్పాలా? ఎనిమిది వందలకి ఆరువందల పది లోపే కదా. పచ్చచీటీ తీసింది.

“ఈవారం కొంచెం ఎక్కువ చూపిస్తోంది పిన్నీ. వచ్చేవారం మాత్రం గుల్లలు తేకు. నేను చెప్పేదాకా ఏరకు.”

“లోపే గదా?”

“లోపే.”

“అలగే తల్లీ. సముద్రం అలగున్నాదనే, భయపడి రెండుసార్లు ఉడకబెట్టేను. మొదటి నీళ్ళు మొత్తం ఒంపేసేను. అవే మీ వదినకి సిక్కగా మరగబెట్టి తెచ్చేను, మరిగితే ఏ దోసమూ ఉండదు గదా, ఇదిగో.”

చదువుకున్న మనిషి ఆ మాట విని ఏం చెయ్యాలి? ఆ విషం నీళ్ళలో కరుగుతుందని దుర్గకి తెలుసు. తెలియడమేమిటి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. మాంసంలో అంకె ఆరువందల పదికి దిగిందంటే, దిగిన విషమంతా ఎక్కడికి పోయినట్టు? అది గాలిలో కలవలేదు, కేనులో ఉంది. మూడు బుట్టల గుల్లల నీళ్ళు మరిగి మరిగి ఒక్క కేనుకి దిగాయి. దుర్గ సంచీలో ఇంకా ఆరు పట్టీలున్నాయి. ఒక్క చుక్క, ఒక్క పావుగంట. కానీ తను నింపవలసిన ఫారంలో ఉన్నవి రెండే గళ్ళు: మాంసం, సముద్రపు నీరు. గుల్లనీళ్ళకి గడి లేదు, ఎందుకంటే ఆ ఫారం తయారుచేసినవాళ్ళకి మన బాలింతలు ఏం తాగుతారో తెలియదు. దుర్గకి తెలుసు. తెలిసిన ముండ ఒక చేత్తో మిషనూ ఇంకో చేత్తో కేనూ పట్టుకుని, ఆటో ఎక్కి ఇంటికెళ్ళింది.

మధ్యాహ్నం పన్నెండింటికి చిట్టితల్లి రెండు గ్లాసులు తాగింది. పిల్లని పక్కన పడుకోబెట్టుకుని, నడుం వాల్చింది. దుర్గా, సింహాద్రమ్మా వంటింట్లో అన్నానికి కూర్చున్నారు. పావుగంట కాలేదు, గదిలోంచి పిలుపు.

“దుర్గా, పెదాలు జిమ్మంతన్నాయి. అత్తయ్య మిరియం ఎక్కువేసేరేటి?”

దుర్గ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరుగున వెళ్ళేసరికి చిట్టితల్లి వేళ్ళు ఆడిస్తూ చూసుకుంటోంది, అవి తనవి కానట్టు. “సేతులు కూడా అలగే ఉన్నాయి,” అని నవ్వింది. నవ్వు ఒకవైపే వచ్చింది.

“బాలింత వాతం, తలుపు వెయ్యండి, గాలి తగిలింది,” అంటూ సింహాద్రమ్మ శొంఠి కోసం పరిగెత్తింది. దుర్గ తల్లిని తోసేసి అన్నని కేకేసింది. అన్న రాజుబాబు పెళ్ళాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఆటోలో పడేశాడు. ఆసుపత్రిలో డాక్టరుకి దుర్గే చెప్పింది, ఇది గుల్లల్లోంచి వచ్చే విషం, ఊపిరి ఆపేస్తుంది అని. ఆయన నమ్మాడు, పాపం, ఎదురు మాట్లాడలేదు. “ఊపిరి మిషను మీద పెట్టాలమ్మా, ఒక్క రోజు ఊపిరి నిలబెట్టగలిగితే మనిషి దక్కుతుంది, బేగి విశాఖ తీసుకెళ్ళండి,” అని ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు ఎక్కించాడు.

ఈ విషం చేసే ద్రోహం ఏమిటంటే, ఒళ్ళంతా చచ్చుబడినా తెలివి మాత్రం పోదు. చిట్టితల్లికి మాట పోయింది, మెడ నిలవలేదు, కళ్ళు మాత్రం చూస్తూనే ఉన్నాయి. రవిక తడిసింది, పిల్లకి పాలిచ్చే వేళ. అంబులెన్సు కుర్రవాడు రబ్బరు తిత్తి నొక్కుతూనే ఉన్నాడు, దుర్గ చెయ్యి పట్టుకునే ఉంది. తాళ్ళపాలెం దాటాక ఆ కళ్ళు ఒకచోట నిలిచిపోయాయి. ఇరవై నాలుగేళ్ళ మనిషి, ఇరవై రెండు రోజుల తల్లి.

మూడోరోజు, ఇంట్లో ఏడుపులు కాస్త సద్దుమణిగాక, దుర్గ పెరట్లో ఒక మూలకి వెళ్ళి కేనులో అడుగున మిగిలిన నీళ్ళు పరీక్షించింది. నాలుగువేల తొమ్మిదివందలు. తప్పేమోనని ఇంకో పట్టీ వేసింది. అదే అంకె, పదో ఇరవయ్యో తేడా. అప్పుడు మేడమ్‌కి ఫోన్ చేసింది.

కళావతి గారు అంకె రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. ఆ తరవాత నెమ్మదిగా చెప్పారు. “విను దుర్గా. ఆ పట్టీలు మాంసానికి మాత్రమే పరీక్షించి ఒప్పుకున్నవి. ఉడుకునీళ్ళకి కాదు. అందులో ఎంత వచ్చినా అది అంకె కింద లెక్కకి రాదు. ఎక్కడా రాయకు. ఎవరికీ చెప్పకు. ఈ సమయంలో ఈ మాట బయటికొస్తే ప్రాజెక్టు మూసేస్తారు, రేపు ఎక్కడా ఎవరూ పరీక్ష చేసేవాళ్ళు ఉండరు. మాంసం లోపే ఉంది, నువ్వు పచ్చచీటీ ఇచ్చావు. రూలు ప్రకారమే చేశావు. నీ తప్పేమీ లేదు.”

నీ తప్పేమీ లేదు. ఆ మాట వినగానే దుర్గకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా లేచొచ్చింది. తరవాత తన మీద తనకే రోత పుట్టి, గోడకి తల ఆనించుకుని ఏడ్చింది గాని, ముందు మాత్రం లేచొచ్చింది. అది దాచడం నావల్ల కాదు.

గురువారం విశాఖ నుంచి కబురు వచ్చింది: సముద్రంలో విషపు నాచు విపరీతంగా ఉంది, గుల్లలు ఏరవద్దు. మట్టిలో కలిసిన మనిషికి చెప్పినట్టుంది.

ఎనిమిదో రోజు ఆదివారం. చావింటి మైల ఇంకా తీరలేదు. అయినా రాజుబాబు పొద్దున్నే లుంగీ మీద చొక్కా తగిలించుకుని మార్కెట్టుకి బయల్దేరాడు. వారం రోజులుగా అతను ఒకటే మాట అంటున్నాడు: మాంసం తిన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు, తన పెళ్ళామే ఎందుకు పోయింది? ఆ నీళ్ళలో ఏదో కలిసింది. ఎవరో కలిపారు. దుర్గ భయపడి వెనకాలే పరిగెత్తింది. సింహాద్రమ్మ పసిదాన్ని భుజానేసుకుని తనూ వచ్చింది.

అప్పలకొండమ్మకి ఎవరూ కబురు చెప్పలేదు. ఎవరు చెప్పాలి? దుర్గ చెప్పాలి. ఆ రోజు ఆవిడ గుల్లలు తేలేదు, దుర్గ వద్దంది కదా. ఎండుచేపలు తెచ్చింది. చిట్టితల్లి కోసం విడిగా ఆకులో చుట్టి పాలసొర చేప ముక్క తెచ్చింది, పిట్టు చేసి పెడితే బాలింతకి మంచిదని. రాజుబాబుని చూడగానే ఆ పొట్లమే ముందు చాపింది.

“ఒచ్చేవా బాబూ? మీ ఆవిడికి ఇది...”

అతను బుట్టని కాలితో తన్నాడు. “నీళ్ళలో ఏటి కలిపేవే?”

“ఏ నీళ్ళు బాబూ?”

“సచ్చిపోయింది. నువ్విచ్చిన నీళ్ళు తాగి సచ్చిపోయింది.”

రాజుబాబు ఆవిడని ఒక్క తోపు తోశాడు. వెనక్కి సిమెంటు అరుగు మీద పడింది, చెయ్యి కింద పడి విరిగింది. బజారు మొత్తం చుట్టూ మూగింది. ఆవిడ లేవలేదు, చెయ్యి పట్టుకుని కూర్చునే ఉంది, మూగినవాళ్ళందరిలోనూ ఒక్క మొహం కోసం వెతుక్కుంది.

“మిషనమ్మా, నువ్వు సెప్పు తల్లీ. నానేటి కలుపుతాను?”

రాజుబాబు కూడా చెల్లెలి వైపు తిరిగాడు. “సెప్పు. నువ్వే గదా తెచ్చేవు. సూసే తెచ్చేవా?”

ఇంకేముంది, అందరి కళ్ళూ దుర్గ మీదే. తల్లి కళ్ళు, అన్న కళ్ళు, పచ్చచీటీ చూసి ఇన్నాళ్ళూ కొనుక్కుపోయిన జనం కళ్ళు. ఒక్క మాట చాలు. నీళ్ళలో విషం సముద్రానిది, చూడకుండా తెచ్చింది నేను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి భుజం మీద పసిపిల్ల తల ఆనించుకుని ఉంది. దుర్గకి ఆ పిల్ల పెద్దదవడం కనిపించింది, మా అమ్మని ఎవరు చంపారని అడగడం కనిపించింది.

“మాంసం చూశాను,” అంది. “మాంసం బాగానే ఉంది. నీళ్ళు ఆవిడిచ్చింది.”

మాటకి మాట పట్టి చూస్తే అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ పిల్ల చదువు అలాంటిది. అప్పలకొండమ్మ ఇంక దుర్గ వైపు చూడలేదు. బజారు పెద్దలు అడ్డుపడి రాజుబాబుని వెనక్కి లాగారు, పోలీసులదాకా ఎందుకని సర్ది చెప్పారు, ఆవిడ మాత్రం ఇక ఈ మార్కెట్టులో అడుగు పెట్టకూడదని తీర్మానించారు. ఎండుచేపలు తొక్కుడుపడి అక్కడే ఉండిపోయాయి.

పెద్దకార్యం అయిన మూడోనాడు దుర్గ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. నక్కపల్లిలో దిగి ఆటో పట్టుకుని, దారి అడుగుతూ అడుగుతూ అప్పలకొండమ్మ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఒంటిగది రేకుల ఇల్లు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది, చేతికి బద్దలు కట్టి మెడకి వేలాడదీశారు. మనిషి సగమైపోయింది. దుర్గని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

“పిల్లకి పాలెలాగ?” అని అడిగింది.

“డబ్బాపాలు పిన్నీ.”

“అరుగుతన్నాయా?”

“అరుగుతున్నాయి.”

తరవాత అప్పలకొండమ్మే మొదలుపెట్టింది, దుర్గకి చెబుతున్నట్టు లేదు, తనలో తను అనుకుంటున్నట్టుంది. “ఆ కేను అంతకుముందు దేనికి వాడేనా అని ఆలోసిస్తన్నాను. మా మరిది పొలానికి మందు కొట్టడానికి ఒకసారి పట్టుకెళ్ళేడు. అదేనా, ఇంకోటా? కడిగేననే గుర్తు. కడగలేదేమో. మా ఈదిలో బాలింత ఉంది, నా నీడ పడకుండా తలుపేసుకుంతన్నారు. ఆల్ని అనడానికి నాకు నోరేది? నానే సంపేనేమో మరి.”

దుర్గకి ఇక ఆగలేదు. ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూలబడి మొత్తం చెప్పేసింది. ఎర్రగా తిరిగిన సముద్రంలో నాచు సంగతి చెప్పింది, గుల్లలు దాన్ని తినడం, ఉడికినప్పుడు విషం నీళ్ళలోకి దిగడం, తన సంచీలో ఆరు పట్టీలు మిగలడం, ఫారంలో రెండే గళ్ళు ఉండడం. ఫోనులో దాచుకున్న అంకె తీసి చూపించింది. “కేను మంచిదే పిన్నీ. నువ్వేమీ కలపలేదు. నువ్వు రెండుసార్లు ఉడికించి ఊళ్ళోవాళ్ళందర్నీ కాపాడావు. ఆ నీళ్ళ సంగతి నాకు తట్టాలి, నీకు కాదు. చంపింది నేను.”

అప్పలకొండమ్మ అంతా విన్నది. అంకె వైపు చూసింది, ఆవిడకి చదువు రాదు, అయినా చూసింది. మంచి చేత్తో మొహం తుడుచుకుంది.

“అయితే నాను కాదు.”

“నువ్వు కాదు పిన్నీ.”

“ఆ మాట బజార్లో సెప్పవలసింది,” అంది. కోపంగా అనలేదు, అదే ఎక్కువ బాధ. “ఇక్కడెవరున్నారు వినడానికి? నానూ, ఈ గోడానూ.”

దుర్గ తల దించుకుంది.

“పోనీలే, అయిందేదో అయింది. వచ్చే ఆదివారం నానొస్తాను. అడుగు పెట్టొద్దన్నారు గదా, పెడతాను. నువ్వు మీ అన్న ముందు, బజారు ముందు నిలబడి, ఇప్పుడు నాకు సెప్పిందే సెప్పు. నీ పక్కనే నిలబడతాను, కొడితే నన్నే కొట్టనీ. ఏటి, సెప్తావా?”

అరుగు మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. దూరంగా సముద్రం మళ్ళీ నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అప్పలకొండమ్మ దుర్గ మొహంలోకి చూస్తూ, తొందరపెట్టకుండా, ఎంతసేపైనా కూర్చోగలిగేలా కూర్చుంది.

దుర్గ ఫోన్ సంచీలో పెట్టుకుంది. బస్సుకి వేళయిందని లేచింది. బస్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది.